అందరి చేతులూ పైనే

గ్యాసు పొయ్యంటే భయం, తడిసిన మెట్లంటే భయం, నిద్రలో పిల్ల దగ్గు మారిందంటే భయం. ఇవన్నీ చిల్లర భయాలు. నా అసలు భయం ఒక్కటే: నా కూతుర్ని ఎవరూ ఏమీ అడక్కుండానే పెద్దదాన్ని చేసేస్తారని. నన్ను అలాగే చేశారు. ఎనిమిదో తరగతిలో వెనక బల్ల మీద కూర్చునే నన్ను ఏడాది పొడుగునా ఏ టీచరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ఏడాది చివర ఇంటికి కబురొచ్చింది, దీనికి చదువు అబ్బదని. మా నాన్న ఆ మాట కోసమే కాచుక్కూర్చున్నట్టు మర్నాడే బడి మాన్పించాడు.

అది నా సంగతి. ఈ కథ మాత్రం మా వదిన గొప్ప టీచరైపోయిన వానాకాలానిది.

వదినంటే మా ఆయన అక్క. మాతోనే ఉంటుంది. మా వీధి చివరి బడిలో రెండో తరగతి టీచరు. ఏళ్ళ తరబడి టెంపరరీ. నా కూతురు ఆవిడ క్లాసులోనే చదివేది. పిల్లకు మేం పెట్టుకున్న ముద్దుపేరు ఎందుకమ్మ. ముద్ద నోట్లో పెడితే మింగదు, "ముద్ద గుండ్రంగానే ఎందుకుంటుందమ్మా?" అంటుంది. "నీకు జవాబు చెప్పేలోపు నా జుట్టు నెరుస్తుందే" అని విసుక్కునేదాన్ని గానీ, లోపల్లోపల పొంగిపోయేదాన్ని. ఇది వెనక బల్ల మీద కూర్చునే పిల్ల కాదులే అని.

వానలు మొదలైన కొత్తలో బడికి ఒక ట్రైనర్ వచ్చాడు. జేబులో రంగురంగుల పెన్నులు, మెడలో ఈల, నోట్లో తేనె. మాట్లాడే ముందు రెండు చప్పట్లు, మాట్లాడాక రెండు చప్పట్లు. నేను ఆయనకు చప్పట్లాయన అని పేరు పెట్టుకున్నాను. పిల్లలకు హుషారుగా, ఆటపాటలతో చదువు చెప్పడం ఎలాగో ఆయన టీచర్లకు నేర్పాడు. వదిన ఇంటికొచ్చి నాకు నేర్పింది.

"పాఠం చెప్పకూడదే అమ్మాయ్. పాఠం జరగాలి," అంది తడి గొడుగు నా చేతికిస్తూ.

"ఎవరూ చెప్పకుండా ఎలా జరుగుతుంది వదినా?"

"అదే మరి. నీ బుర్రకెక్కేది కాదులే. పిల్లలు మొక్కలు, టీచరు తోటమాలి."

తోటమాలి గోళ్ళలో మట్టి ఉంటుందని చప్పట్లాయనకు ఎవరూ చెప్పినట్టు లేదు. తర్వాత మా ఇంటికి వచ్చినప్పుడు చూశాను, ఆయన గోళ్ళు అద్దం ముక్కల్లా ఉన్నాయి.

ఆ రోజు నుంచి మా ఇల్లు అట్టల గోడౌనయింది. పాత సాక్సులతో చేతిబొమ్మలు. నవ్వే మొహాలు, ఏడ్చే మొహాలు. దూదితో మేఘాలు, నీలం కాగితంతో చినుకులు. కత్తిరించేది నేను, అతికించేది నేను, "సృజనాత్మకత ఉట్టిపడుతోంది" అనిపించుకునేది వదిన. వానలకు జిగురు ఆరదు కదా, చార్టులన్నీ పొయ్యి పైన తాడు కట్టి ఆరేశాం. పిల్ల బట్టలు మాత్రం తడిగానే తొడిగాం. బట్టలు ఆరకపోతే దగ్గొస్తుంది, అంతే. చార్టులు ఆరకపోతే పెద్దాఫీసు వాళ్ళ ముందు పరువు పోతుంది.

పెద్దాఫీసు వాళ్ళంటే బడులు తనిఖీ చేసే అధికార్లు, వానాకాలం చివర్లో వస్తారు. వదిన వాళ్ళ ముందు ఒక మోడల్ పాఠం చెప్పాలి. అది నచ్చితే ఉద్యోగం పర్మినెంటు. పాఠం పేరు "వాన ఎలా కురుస్తుంది?"

మా ఆయనకు కాలిపోయిన మోటార్లకు మళ్ళీ తీగ చుట్టే షాపుంది. ఆయన అన్నం తింటూ, తల మీద ఊగుతున్న దూదిమేఘాన్ని పక్కకు తోసి, "అక్కా, పాఠం వాన గురించే అయితే కిటికీ తీస్తే సరిపోదా? బయట కుండపోతగా పడుతోందిగా," అన్నాడు.

"కిటికీ ఎవరైనా తీస్తార్రా," అంది వదిన.

వదిన తెచ్చిన ఆటలన్నిటిలో నేను ఒక్కదానికే లొంగాను. ఐస్‌క్రీము పుల్లల మీద ఒక్కో పిల్ల పేరు రాసి డబ్బాలో వెయ్యాలట. ప్రశ్న అడిగాక కళ్ళు మూసుకుని ఒక పుల్ల తీస్తే, ఎవరి పేరొస్తే వాళ్ళు జవాబు చెప్పాలి. ముందు బల్లా వెనక బల్లా అని తేడా ఉండదు. ఎనిమిదో తరగతిలో నా పేరుతోనూ ఒక పుల్ల ఉండుంటే! క్లాసులో పిల్లలందరి పేర్లూ నేనే రాశాను, గుండ్రటి అక్షరాలతో. నా కూతురి పుల్లకు రెండు వైపులా రాశాను, ఏ వైపు నుంచి తీసినా కనపడాలని.

ఒక ఆదివారం చప్పట్లాయన మా ఇంటికే వచ్చాడు, రిహార్సల్ చూడ్డానికి. ముందు గదిలో మంచం నిలబెట్టి చోటు చేశాం. దూదిమేఘాలు గాల్లో తేలుతున్నట్టుండాలి కాబట్టి, మా ఆయన షాపు నుంచి సన్నటి రాగితీగ తెచ్చి పైన కొక్కేల మీదుగా కట్టాం. తీగ చివర నా చేతికి చుట్టారు. వదిన సైగ చేస్తే నేను లాగాలి, చినుకులు జలజలా రాలాలి. టీచరు తోటమాలి అయితే నేనెవర్నో ఎవరూ చెప్పలేదు.

వదిన చేతికి సాక్సు తొడుక్కుని గొంతు మార్చింది. "నేను మేఘాన్నీ! నేను నవ్వానంటే వానే వానా!"

ఎందుకమ్మ గడపలో కూర్చుని చూస్తోంది. "నవ్వితే నీళ్ళెందుకొస్తాయత్తా? ఏడిస్తే కదా వచ్చేది?"

సాక్సు నోరు మూసుకుంది. "సంతోషం ఎక్కువైతే కళ్ళ నీళ్ళు రావూ? అలాగ."

"మరి మొన్న వెనక సందంతా మునిగింది కదా. మేఘానికి అంత సంతోషం ఎందుకొచ్చింది?"

చప్పట్లాయన నవ్వాడు. నవ్వుతూ టీ తాగడం తెలిసిన మనిషి. "పాప భలే యాక్టివ్ అండీ."

"మేఘానికి తీగెందుకు కట్టారు సార్?" అని ఆయన్నే అడిగింది. "నిజం మేఘానికి లేదుగా. అది ఎందుకు పడిపోదు?"

ఆయన కప్పు కింద పెట్టాడు. వదిన వైపు చూశాడు. "పెద్దాఫీసు వాళ్ళ ముందు ఈ ధోరణి మొదలైతే పాఠం పట్టాలు తప్పుతుంది టీచర్."

"నా భయమూ అదే సార్. ఇంట్లో పిల్ల, కొట్టలేను, తిట్టలేను."

"అయ్యో, కొట్టడం తిట్టడం మన పద్ధతే కాదు! దీనికో ఉపాయముంది. ఏ పిల్లా చిన్నబోదు, ఏ పిల్లా అడ్డం రాదు. అందరి చేతులూ పైనే ఉంటాయి." అంటూనే నా వైపు తిరిగాడు. "అమ్మా, టీ అద్భుతం. ఇంకో కప్పు దొరుకుతుందా?"

చేతికున్న తీగ విప్పి కిటికీ చువ్వకు కట్టి వంటింట్లోకి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఇద్దరూ వాతావరణం గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆ తర్వాత వారమో పది రోజులో గడిచాయి. ఇంట్లో ఏదో తగ్గిందని తెలుస్తోంది గానీ ఏం తగ్గిందో తెలియలేదు. గడియారం ఆగితే అలాగే ఉంటుంది. ఒక సాయంత్రం బడి నుంచి వచ్చిన పిల్లను, "ఆకలేస్తోందా?" అని అడిగాను. ఎడమ చెయ్యి నిటారుగా పైకెత్తి, నవ్వింది.

"ఏంటే అది? తింటావా తినవా?"

చెయ్యి దించలేదు. నవ్వు చెరగలేదు. నేను విసిగి గిన్నెల వైపు తిరిగాక చెయ్యి దానంతటదే కిందికి దిగింది.

కొత్త ఆటేమో అనుకున్నాను. ఆ బడిలో రోజుకో ఆట కదా. కానీ ఏమడిగినా అదే. నిద్రొస్తోందా? ఎడమ చెయ్యి. ఎవరైనా కొట్టారా? ఎడమ చెయ్యి, నవ్వు. "ఎందుకు" అన్న మాట మా ఇంట్లో వినపడి ఎన్నాళ్ళయిందో.

"పిల్ల నోరు మూగబోయిందండీ," అన్నాను మా ఆయనతో.

"తగ్గిందిగా, సంతోషించు. ఇల్లు ప్రశాంతంగా ఉంది."

"ప్రశాంతత కాదురా, దాన్ని క్రమశిక్షణ అంటారు," అంది వదిన, నిమ్మకు నీరెత్తినట్టు గోళ్ళకంటిన జిగురు గీక్కుంటూ.

ఒక ఉదయం పిల్ల తలగడ మీద పసుపుపచ్చ మరక కనిపించింది. చెవిలోంచి చీము. ఎత్తుకుని పరిగెత్తాను. డాక్టరమ్మ చెవిలో లైటు వేసి చూసి, "ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు. ఇన్నాళ్ళు నొప్పని చెప్పలేదా? మీరడగలేదా?" అంది.

అడిగాను. రోజూ అడిగాను, ఎక్కడైనా నొప్పిగా ఉందా తల్లీ అని. రోజూ ఎడమ చెయ్యెత్తి నవ్వింది. ఇది ఒక డాక్టరమ్మకు ఎలా చెప్పాలి? "అడిగానండీ" అన్నాను. నమ్మలేదావిడ. నేనైనా నమ్మను.

చెవిలో దూది పెట్టుకుని తిరుగుతున్న పిల్లను చూసి వదిన ఆ వారమే ఒక మాట తెచ్చింది. "దాన్ని ఇంకో ఏడాది రెండో తరగతిలోనే ఉంచేద్దాం. వెనకబడింది. క్లాసులో ఒక్కదానికీ జవాబు చెప్పదు."

ఇదే మాట, ఇదే గొంతు. మా ఇంటికొచ్చిన కబురూ ఇలాగే తీరిగ్గా వచ్చింది. "మీరు దాన్ని అడుగుతున్నారా వదినా?"

"తెలిసినవాళ్ళని అడుగుతాం. అయినా నీకెందుకివన్నీ? ఆ జిగురు అడుగంటుతోంది, కలుపు."

గిన్నెలో కలపడానికి ఒక పుల్ల ఉంది. కలుపుతుంటే జిగురులోంచి ఒక గుండ్రటి అక్షరం పైకి తేలింది. కొంగుతో తుడిచాను. నా కూతురి పేరు. తిప్పి తుడిచాను. ఆ వైపూ నా కూతురి పేరే.

"పుల్లలు ఇక్కడున్నాయేం?"

"ఆ పద్ధతి మానేశాం. కళ్ళు మూసుకుని తీస్తే ఎవరి పేరొస్తుందో తెలియదు. దాన్ని నమ్ముకుని పెద్దాఫీసు ముందు నిలబడతామా?"

ఎవరి పేరొస్తుందో తెలియదట. అందుకే కదా తల్లీ పుల్లలు! చదువుకున్నవాళ్ళ తెలివికి దణ్ణం పెట్టి జిగురు కలిపాను.

పెద్దాఫీసు వాళ్ళు వచ్చిన రోజు ఆకాశానికి చిల్లు పడ్డట్టు వాన. చప్పుడు లోపలికి రాకుండా క్లాసు కిటికీలన్నీ మూశారు. అయినా ఆ హోరు మించి వినపడాలంటే వదిన అరవాల్సి వచ్చింది, వాన ఎలా కురుస్తుందో. వచ్చినవాళ్ళకు ముందు కుర్చీలు వేశారు. తల్లిదండ్రులం గోడ వారగా నిలబడ్డాం. నన్ను మాత్రం బీరువా పక్కన నిలబెట్టి, రాగితీగ కుడిచేతి వేళ్ళకు చుట్టారు. దూదిమేఘాలు కుర్చీల మీద వేలాడుతున్నాయి.

పాఠం జరిగింది. నిజమే, ఎవరూ చెప్పలేదు, అదే జరిగిపోయింది. సాక్సు మాట్లాడింది. పిల్లలు ఒక చప్పట్టుకి లేచారు, రెండు చప్పట్లకి కూర్చున్నారు.

"సముద్రంలో నీళ్ళు పైకెలా వెళ్తాయి?"

క్లాసులో ఉన్న చేతులన్నీ లేచాయి. వచ్చినవాళ్ళలో ఒకాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. వదిన ఒక పిల్లను చూపించింది, ఆ పిల్ల గడగడా ఒప్పజెప్పింది. ఇంకో ప్రశ్న. మళ్ళీ అందరి చేతులూ. ఇంకో పిల్ల, ఇంకో గడగడ. ఇంత తెలివైన క్లాసు లోకంలో ఉంటుందా అని కుర్చీలవాళ్ళు మొహాలు చూసుకున్నారు. వాపును చూసి బలుపనుకోవడానికి కూడా చదువుండాలి కాబోలు.

నేను కిటికీ పక్క మూడో బల్ల వైపే చూస్తున్నాను. చెవిలో దూదితో నా కూతురు, దాని పక్కన మా వీధి టైలరమ్మ కూతురు బుడంకాయ. ప్రతి ప్రశ్నకూ ఇద్దరి ఎడమ చేతులూ లేస్తున్నాయి. నా కూతురి చెయ్యి నొప్పి పుట్టి వాలిపోతోంది; కుడిచేత్తో మోచేతిని కింద నుంచి నిలబెట్టుకుంది. ఒక్కసారి, ఒక్కసారి దాన్ని అడగండి వదినా, అని నేను తీగను బిగబట్టుకుని నిలబడ్డాను. వదిన చూపు ఆ బల్ల దాకా వచ్చి, వేడి గిన్నె తగిలినట్టు వెనక్కి వెళ్ళిపోయేది.

పాఠమయ్యాక చప్పట్లాయన రెండు చప్పట్లు కొట్టి, "ఇప్పుడు తల్లిదండ్రులు! అభిప్రాయమైనా ప్రశ్నైనా, చెయ్యెత్తండి," అన్నాడు.

నాకు ప్రశ్న ఉంది. కుడి చెయ్యి తీగలో ఉంది, వదిలితే మేఘాలన్నీ నెత్తి మీద పడతాయి. ఎడమ చెయ్యి ఎత్తాను.

ఆయన నన్ను చూశాడు. చూసి, అలవాటుగా, పక్కకు దాటేశాడు. టైలరమ్మను అడిగాడు. "చాలా బాగుందండి, మా పిల్ల చెయ్యి దించనే లేదు," అందామె మురిసిపోతూ. తర్వాత ఇంకెవర్నో అడిగాడు. ఆ తర్వాత ఇంకెవర్నో. నా చెయ్యి అలాగే ఉంది.

అప్పుడు మూడో బల్ల దగ్గర నా కూతురు లేచి నిలబడింది. ఎన్నాళ్ళకో విన్నాను ఆ గొంతు.

"అమ్మా, ఆ చెయ్యి దించెయ్. అది తెలియనివాళ్ళ చెయ్యి. అదెత్తితే నిన్నడగరు. కుడిదెత్తు."

పెద్దాఫీసు వాళ్ళలో ఒక మేడం కుర్చీలోంచి ముందుకు వంగింది. "ఏంటి పాపా? ఏమన్నావు? మళ్ళీ చెప్పు."

నా కూతురు వాళ్ళ అత్త మొహంలోకి చూసింది. ఎడమ చెయ్యి పైకెత్తి, నవ్వింది. తోడుగా బుడంకాయ కూడా ఎత్తింది.

టప్, టప్. "ఇదే మేడం మా రెండు చేతుల పద్ధతి!" అన్నాడు చప్పట్లాయన, చీమ కుట్టినట్టయినా లేకుండా. "తెలిస్తే కుడి, తెలియకపోతే ఎడమ. తెలియని పిల్ల కూడా ధైర్యంగా చెయ్యెత్తగలదు. సిగ్గుండదు, భయముండదు."

"ఎంత బాగుంది!" అంది మేడం. రాసుకుంది కూడా.

అప్పుడు తీగ నా వేళ్ళలోంచి జారింది. జారిందనే చెప్పాను అందరికీ. దూదిమేఘాలు, కాగితం చినుకులు, ఆరీ ఆరని జిగురుతో సహా కుర్చీల మీద పడ్డాయి. ఒక మేఘం చప్పట్లాయన తల మీద అతుక్కుంది. చెప్పకుండా జరిగిన పాఠం అదొక్కటే.

సాయంత్రం ఇంట్లో వదిన విరుచుకుపడింది. "నా పొట్ట కొట్టాలని చూశావే! నీకేం తెలుసు, ప్రతి ఏడాదీ ఉంచుతారో ఊడబీకుతారో అని బతకడం?"

"మీ బతుకు తర్వాత. దానికి జవాబులు తెలుసా, తెలియవా? అదొక్కటి చెప్పండి."

వదిన మంచం మీద కూలబడింది. "తెలుసు. అన్నీ తెలుసు. జవాబు చెప్పి ఊరుకుంటుందా అది? ఆ తర్వాత అడుగుతుంది. నిజం మేఘం ఎందుకు పడిపోదంటుంది. నాకు తెలిస్తే కదే చెప్పడానికి?" గోళ్ళకంటిన జిగురు గీక్కుంది. "అందుకే దాన్ని ఎప్పుడూ ఎడమ చెయ్యే ఎత్తమన్నాను. కొట్టలేదు. తిట్టలేదు."

మా ఆయన అంతా విన్నాడు. లేచి, పొయ్యి పైన తాడు మీది చార్టులన్నీ ఒక్కొక్కటిగా దించి, మడతపెట్టి, అక్క గది గుమ్మం ముందు పెట్టి వచ్చాడు. అప్పటి నుంచి మా ఇంట్లో రెండు పొయ్యిలు.

వదిన ఉద్యోగం పర్మినెంటయింది. కాకేం? రెండు చేతుల పద్ధతి ఇప్పుడు ఆ చుట్టుపక్కల బడులకు కూడా పాకుతోందట. చప్పట్లాయన బడి బడికీ తిరుగుతున్నాడు, జేబు నిండా పెన్నులతో.

పిల్లను వేరే బడికి మార్చాం. ఆ టీచరేమీ దేవత కాదు. చిరాకు మనిషి, సుద్దముక్క తప్ప ఇంకో సామాను ముట్టదు, గొంతు గరగర. కానీ "ఏయ్, నువ్వే, చెప్పు!" అని ప్రతి బల్లకూ వేలు చూపిస్తుంది. ఎత్తిన చేతులతో ఆవిడకు పనిలేదు. నా కూతురు తప్పు జవాబు చెప్పి, తిట్లు తిని, ఏడుస్తూ ఇంటికొచ్చిన రోజు నేను సంబరపడ్డాను. ఆ మర్నాడు ముద్ద మింగకుండా, "ఆ టీచర్ ఎప్పుడూ ఎందుకరుస్తుందమ్మా?" అంది. జ్వరం దిగినట్టయింది నాకు. ఇప్పటికీ అప్పుడప్పుడూ ఎడమ చెయ్యి భుజం దాకా లేస్తుంది. నేను ఆగుతాను. మళ్ళీ అడుగుతాను. దిగుతుంది.

కానీ బుడంకాయ అక్కడే ఉంది. వాళ్ళమ్మకు చెప్పి చూశాను. "పిల్లలందరి చేతులూ పైనే ఉన్నాయిగా అక్కా, ఇంకేం కావాలి?" అంది మిషను తొక్కుతూనే. గోడకు చెప్పినట్టయింది. మేఘాలు పడ్డ రోజు నుంచి నన్ను ఆ బడి గేటు దాటనివ్వరు.

మీకు గేటు తీస్తారు. మీరు ఆ దారిన ఎప్పుడైనా వెళ్తే, సైకిలు షాపు ఎదురుగా పచ్చ గేటు, లోపల ఎడమ వైపు మొదటి గది. కిటికీ పక్క మూడో బల్ల మీద రెండు జడల పిల్ల, ముందు పన్ను ఊడి ఉంటుంది. ఏదో ఒకటి అడగండి. తిన్నావా అని అడగండి, ఎక్కడైనా నొప్పిగా ఉందా అని అడగండి. ఎడమ చెయ్యెత్తి నవ్వుతుంది. నవ్విందిలే అని వచ్చెయ్యకండి. చెయ్యి దించేదాకా ఆగి, మళ్ళీ అడగండి.